ముందు చుక్కలే కనబడతాయి

మార్చి నెల. నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోని ఫర్హాబాద్ సఫారీ బండి తిరుగుముఖం పట్టింది. పొద్దు కొండ చాటుకి దిగిపోయింది కానీ ఆకాశంలో ఇంకా కాస్త వెలుతురు మిగిలి ఉంది. దారి పక్కన ఇప్పచెట్టు కింద ఏదో కదిలింది. నాకు ముందు దుప్పి కనబడలేదు, చుక్కలు కనబడ్డాయి. గోధుమరంగు ఒళ్లు మట్టిలో, ఎండుటాకుల్లో కలిసిపోయింది. తెల్లచుక్కలు మాత్రం నేలకి రెండడుగుల ఎత్తున, వాటంతట అవే నడిచి పోతున్నట్టు, మెల్లగా జరిగాయి. కాసేపటికి గానీ వాటి చుట్టూ ఒక మెడ, ఒక చెవి, రాలిన ఇప్పపువ్వు నములుతున్న ఒక మూతి ఏర్పడలేదు. దాంతోపాటు ఇంకో దుప్పి కూడా ఉంది.

డ్రైవర్ ఇంజిన్ ఆపేశాడు. ముందు సీట్లో ఉన్న గైడు, చెంచు కుర్రాడు, వెనక్కి తిరిగి గుసగుసగా అన్నాడు: "ఫ్లాషు ఉంటే బంద్ పెట్టుండ్రి అక్కా. కండ్లు చెదిరితే వాటికి తొవ్వ కనవడది."

ఆ సాయంత్రం తీసిన ఫొటోల్లో ఒకటి నాకు బాగా నచ్చింది. చూపిస్తే దాదాపు అందరూ ఒకే మాట అన్నారు. "బాగుంది, కానీ డార్క్‌గా ఉంది. కాస్త బ్రైట్‌నెస్ పెంచొచ్చుగా." ఆ మాటకి జవాబు చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. పెంచకూడదు. మునిమాపు వేళ తీసిన దుప్పి ఫొటోలో మునిమాపు ఉండాలి. అడవిలో లైటు వేసినా, ఇంటికొచ్చి కంప్యూటర్లో వెలుతురు పోసినా, మనం చూసిన దుప్పిని పోగొట్టుకొని మనం చూడని దుప్పిని తెచ్చుకుంటున్నాం.

ముందు పేర్ల సంగతి కాస్త. అన్నిటినీ జింక అనేస్తాం కానీ అడవి దగ్గరి ఊళ్లలో ఆ గందరగోళం లేదు. ఒంటి మీద తెల్లచుక్కలున్నది చుక్కల దుప్పి. దానికంటే చాలా పెద్దది, ముదురు రంగుది, మగదానికి మెడ మీద జూలుండేది కణితి. కణుజు అని కూడా అంటారు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక అసలు ఈ కుటుంబానిది కాదు. దుప్పి, కణితి మగవాటికి పాత కొమ్ములు రాలిపోయి కొత్తవి మొలుస్తాయి; కృష్ణజింక కొమ్ములు ఒకసారి వచ్చాక ఉండిపోతాయి. అది బయటి మైదానాల్లో తిరిగే జంతువు, రోళ్లపాడు లాంటి చోట పట్టపగలే తీయొచ్చు. ఇక హైదరాబాద్ నెహ్రూ జూలో పెంచి 2017లో అమ్రాబాద్ అడవిలో వదిలిన మూషిక జింక ఉంది, కుందేలంత ఉంటుంది, రాత్రి తిరుగుతుంది. దాన్ని అడవిలో చూసే అదృష్టం నాకు ఇంకా కలగలేదు. నేను చెప్పేదంతా చెట్ల కింద బతికే మొదటి రెండింటి గురించి.

వీటిని ఎండలో తీయొచ్చుగా అంటారు. తీయొచ్చు, కానీ నల్లమల ఎండాకాలంలో పది గంటలకల్లా అవి నీడకి చేరిపోతాయి. పడుకొని నెమరేసుకుంటూ ఉంటాయి. లేచి మేతకీ నీళ్లకీ కదిలేది వేకువనా, సందె వేళా. కణితి మరీ ఆలస్యం. చీకటి చిక్కబడే దాకా బయటికే రాదు. అంటే వాటి అసలు జీవితం మనకి కళ్లు కనబడని వేళ మొదలవుతుంది. ఫొటోల భాషలో దీన్ని ‘లో లైట్’, అంటే తక్కువ వెలుతురు, అంటాం. ఆ తక్కువ మనకే, వాటికి అది చాలినంత వెలుతురు. వాటి కంటిలో మసక వెలుతురుకి పనికొచ్చే కణాలు చాలా ఎక్కువ. కంటి లోపలి తెర అయిన రెటీనా వెనక అద్దం లాంటి పొర ఒకటి ఉంటుంది, మొదటిసారి పట్టుబడని వెలుతురుని అది రెండోసారి రెటీనా మీదికి తిప్పి పంపిస్తుంది. లైటు పడితే దుప్పి కళ్లు మెరిసేది ఆ పొర వల్లే. ఎరుపు వాటికి సరిగ్గా తెలియదు, నీలం బాగా తెలుస్తుంది. సందె వెలుతురు నీలంగానే కదా ఉంటుంది.

మన కన్ను కూడా ఆ వేళ మారిపోతుంది. వెలుతురు తగ్గేకొద్దీ మనకి ఎరుపు, నారింజ రంగులు ముందు నల్లబడతాయి. నీలాలు, తెలుపులు ఇంకొంతసేపు నిలుస్తాయి. 19వ శతాబ్దపు చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే దీన్ని గమనించి చెప్పాడు కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తారు. తోటలో మందారాలు సాయంత్రం ఆకుల కంటే ముందు నల్లబడిపోవడం మీరూ చూసే ఉంటారు. ఇప్పచెట్టు కింద జరిగింది అదే. దుప్పి ఒంటి ఎర్రగోధుమ రంగు ముందు ఆరిపోయింది, తెల్లచుక్కలు వెలుగుతూ మిగిలాయి. నేను చూసిన అందమంతా ఆ తేడాలో ఉంది. బ్రైట్‌నెస్ పెంచితే ఎర్రగోధుమ రంగు తిరిగొస్తుంది, చుక్కలు మామూలు చుక్కలైపోతాయి. అప్పుడది మధ్యాహ్నం మూడు గంటలకి కాస్త మబ్బు పట్టినప్పుడు తీసినట్టుంటుంది. అలాంటి మధ్యాహ్నం అక్కడ జరగనే లేదు.

ఈ మార్పు మనం పూనుకుంటేనే జరుగుతుందనుకుంటాం. కాదు, కెమెరా మొదటి నొక్కుకే మొదలుపెడుతుంది. వెలుతురు కొలిచే దాని మీటరుకి ఎదురుగా ఉన్నది పగలో సందో తెలియదు. ఏ దృశ్యాన్నైనా మధ్యరకం బూడిద రంగు దగ్గరికి తేవాలని చూస్తుంది. దాంతో చీకటిగా ఉన్న అడవిని పట్టుబట్టి వెలిగిస్తుంది. రంగుల్ని దానంతట అదే సర్దే ఆటో వైట్ బ్యాలెన్స్ ఇంకో పక్క ఆ నీలాన్ని తప్పు కింద లెక్కేసి సరిదిద్దేస్తుంది. మనం బండి దిగేలోపే సాయంత్రం సగం పోయి ఉంటుంది.

ఫొటోలు నేర్చుకుంటున్న వాళ్లు ఇక్కడ ఒక విషయం తప్పకుండా గమనించాలి. నాకిది అర్థం కావడానికి నాలుగేళ్లు పట్టింది. నా లెన్సు 100-400 మిల్లీమీటర్లది, జూమ్ చివర ఎఫ్/5.6కి మించి తెరుచుకోదు (ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకున్నట్టు). ఐఎస్ఓ, అంటే వెలుతురుకి కెమెరా స్పందించే మోతాదు, 6400 పెట్టినా ఆ వేళ మీటరు ఇచ్చే షట్టర్ స్పీడు సెకనులో 1/60 వంతు. మేస్తున్న దుప్పి ఒక్క క్షణం తలెత్తి నిలబడితే 1/60 సరిపోవచ్చు. కానీ అది నిలబడదు. చెవి ఆడిస్తుంది, తోక ఆడిస్తుంది, ఒక అడుగు వేస్తుంది. నడిచే దుప్పికి కనీసం 1/200 కావాలి. అప్పట్లో నేనేం చేసేదాన్నంటే ఐఎస్ఓ 25600 దాకా పెంచి, ఇసుక చల్లినట్టున్న ఫొటో తెచ్చుకొని, లెన్సు మంచిది కాదని బాధపడేదాన్ని. ఎఫ్/2.8 లెన్సు నాలుగు రెట్లు వెలుతురు తీసుకుంటుంది, నిజమే, కానీ 400 మిల్లీమీటర్లలో అది పది లక్షల పైమాట.

తర్వాత ఒకరోజు విసుగొచ్చి మీటరు చెప్పినదానికంటే ఫొటోని చీకటిగానో వెలుతురుగానో తీయించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని మైనస్ ఒకటిన్నర స్టాప్ దాటించి పెట్టాను (ఒక స్టాప్ తగ్గితే వెలుతురు సగమవుతుంది). అదే ఐఎస్ఓ 6400, అదే లెన్సు, 1/60 కాస్తా 1/200 అయింది. ఫొటో చీకటిగా వచ్చింది. ఎంత చీకటి? తల ఎత్తి చూస్తే అడవి ఎంత చీకటిగా ఉందో అంత. వైట్ బ్యాలెన్స్‌ని ఎండ గుర్తు మీద పెట్టేశాను, నీలం ఉండిపోయింది. దుప్పి కాళ్లు చెదరలేదు. నాయిస్ (ఆ ఇసుక గరుకు) కూడా గోల చేయలేదు, ఎందుకంటే చీకటిని చీకటిగా వదిలేస్తే అందులోని గరుకుదనం కంటికి ఆనదు, పైకి లాగినప్పుడే అది బయటపడుతుంది. ఉన్నంత చీకటిని ఒప్పుకుంటే కావలసిన షట్టర్ స్పీడు దానంతట అదే చేతికొచ్చింది. అప్పటిదాకా లెన్సుతో, మీటరుతో నేను పడ్డ గొడవంతా అక్కడ లేని వెలుతురు కోసమే.

ఆస్టిన్‌లో ఉండే మా పిన్ని కూతురు ఫోనుతో తీసిన ఫొటోలు పంపిస్తూ ఉంటుంది. అక్కడ తెల్లతోక దుప్పులు సాయంత్రాలు ఇళ్ల మధ్యకే వచ్చి గడ్డి మేస్తాయి. "అక్కా, గడ్డి, ఫెన్సు అన్నీ క్లియర్‌గా వస్తున్నాయి, దుప్పి మాత్రం దయ్యంలా వస్తోంది, ఎందుకు?" అని అడిగింది. ఫోను నైట్ మోడ్ ఒక ఫొటో తీయదు. వరసగా చాలా తీసి ఒకదాని మీద ఒకటి పేర్చి కలుపుతుంది. కదలని ఫెన్సుకి అది బాగానే ఉంటుంది, కదిలే జంతువు మాత్రం తునకలైపోతుంది. నైట్ మోడ్ ఆపి, తెర మీద దుప్పిని నొక్కి, వెలుతురు గీతని కిందికి లాగి తీయమన్నాను. మర్నాడు పంపిన ఫొటోలో ఆకాశం ఊదాగా ఉంది, దుప్పి ఒక నల్లటి ఆకారం, చెవుల అంచులు మాత్రం తెలుస్తున్నాయి. తను అప్పటిదాకా పంపిన అన్నిటిలో అదే నిజమైన సాయంత్రం.

ఇక లైటు వేయడం గురించి. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడలేను.

రాత్రిపూట దుప్పి ఫొటోల చరిత్రే లైటుతో మొదలైంది. అమెరికాలో జార్జ్ షైరస్ అనే ఆయన, తర్వాతి రోజుల్లో కాంగ్రెస్ సభ్యుడు కూడా అయ్యాడు, 1890లలో మిషిగన్‌లోని వైట్‌ఫిష్ సరస్సులో రాత్రుళ్లు పడవ మీద తిరుగుతూ దుప్పుల్ని తీశాడు. పద్ధతి మాత్రం వేటగాళ్లది. ఒజిబ్వే తెగవాళ్లు పడవ ముందు మంట పెట్టుకొని ఒడ్డు వెంట వెళ్లేవారు. నీళ్లకి వచ్చిన దుప్పి ఆ వెలుతురు చూస్తూ కదలకుండా నిలబడిపోయేది, కళ్లు మెరిసేవి, ఆ మెరుపుకి గురిపెట్టేవారు. షైరస్ తుపాకీ బదులు కెమెరా పెట్టాడు, మెగ్నీషియం పొడి భగ్గుమనిపించాడు. 1906 జులైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆయన ఫొటోలు 74 వేసింది. వాటిని చూసినప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది. తుపాకీ వదిలి కెమెరా పట్టుకొమ్మని జనానికి చెప్పిన మనిషి ఆయన. కానీ వాటిలో మెరుపుకి అదిరిపడి తలో దిక్కుకి దూకుతున్న దుప్పుల్ని చూసినప్పుడు, ఆ తర్వాత అవి ఎటు వెళ్లాయో అనే ఆలోచన కూడా వస్తుంది. ఆయనకి వేరే దారి లేదు, అప్పటి ప్లేట్లకి ఆ మంట లేకపోతే ఏమీ పడేది కాదు. మన చేతిలో ఐఎస్ఓ 6400 ఉంది.

మన అడవుల్లో రాత్రిపూట టార్చి లైటు ఎవరి చేతిలో ఉంటుందో చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి తెలుసు. దొంగచాటుగా వేటాడేవాళ్లకి ఈనాటికీ అదే పనిముట్టు. వెలుతురుకి దుప్పి ఆగిపోవడం ధైర్యమో కుతూహలమో కాదు, దానికి ఏమీ కనబడకపోవడం. చీకటికి అలవాటు పడ్డ మన కంటి మీద కారు హెడ్‌లైటు పడితే మళ్లీ పూర్తిగా సర్దుకోవడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. మనం ఆ ఇరవై నిమిషాలు కూర్చోవచ్చు. అవి కూర్చోలేవు. అమ్రాబాద్‌లో పులులున్నాయి, చిరుతలున్నాయి, రేచుకుక్కలున్నాయి.

ఇది నేను ఎవరినో వేలెత్తి చూపడానికి రాయడం లేదు. చాలా ఏళ్ల కిందట, వేరే రాష్ట్రంలో ఒక అడవి అంచున, ఒక ప్రైవేటు రిసార్టు బండిలో రాత్రి తిరిగాను. నీటి గుంట దగ్గర ఏదో అలికిడైంది. "అన్నా, ఒక్కసారి లైటు వేయండి" అని డ్రైవర్ని అడిగింది నేనే. తల్లి కణితి, దాని పిల్ల. తల్లి అలాగే నిలబడిపోయింది, కళ్లు పచ్చగా మెరిశాయి. మూడు ఫొటోలు తీశాను. లైటు ఆర్పగానే తల్లి ఎడమ పక్క పొదల్లోకి దూకింది, పిల్ల కుడి పక్కకి పరిగెత్తింది. తర్వాత చాలాసేపు తల్లి అరుపు వినబడింది, కణితి అరుపు గంట కొట్టినట్టు గట్టిగా, ఒక్కొక్కటిగా ఉంటుంది. బండిలో ఎవరం మాట్లాడలేదు. అవి మళ్లీ కలిశాయో లేదో నాకు తెలియదు. ఆ మూడు ఫొటోలు నా హార్డ్ డిస్క్‌లోనే ఉన్నాయి, షార్ప్‌గా ఉన్నాయి, ఎవరికీ చూపించలేదు.

దీనికి ఒక ఎదురు ప్రశ్న ఉంది, సరైన ప్రశ్నే. పులుల లెక్కల కోసం అటవీశాఖ పెట్టే కెమెరాలు ఫ్లాష్ కొడతాయి కదా, వాటి ముందు నుంచి దుప్పులు కూడా వెళ్తాయి కదా అని. 1920లలో హిమాలయ పాదాల అడవుల్లో ఎఫ్.డబ్ల్యూ. ఛాంపియన్ అనే అటవీ అధికారి దారికి అడ్డంగా తీగ కట్టి, జంతువు తగలగానే ఫ్లాష్ వెలిగే ఏర్పాటు చేశాడు. మన దేశంలో ఇప్పటి కెమెరా ట్రాపులకి అదే మూలం. పులి చారలు స్పష్టంగా పడితేనే ఏ పులి ఏదో తెలుస్తుంది. ఆ ఫొటో వల్ల అడవికి ఒక లెక్క దొరుకుతుంది, ఆ లెక్కతో దాన్ని కాపాడే పని జరుగుతుంది. నా ఫొటో వల్ల అడవికి దొరికేదేంటి? నాకు నాలుగు లైకులు. ఒక్క క్షణం మెరుపుకీ, బండి ఆపి నిమిషాల తరబడి మొహం మీద పట్టిన దీపానికీ కూడా చాలా తేడా ఉంది.

హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు మీద రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర బండ్లు ఆపేస్తారు. శ్రీశైలం వెళ్లే భక్తులూ, సరుకు లారీలూ, అందరూ ఆ నియమానికి సర్దుకున్నారు. అడవి రాత్రి జంతువులదని ఇంతమంది ఒప్పుకున్నాక, కెమెరా పట్టుకున్న నాకు మినహాయింపు ఎందుకు?

ఇంటికొచ్చాక జరిగేదాని గురించి నాలో నాకే కొంత వాదన ఉంది. నాయిస్‌ని తుడిచే ఏఐ డీనాయిస్ నేనూ వాడతాను. పాత సాఫ్ట్‌వేర్లు నాయిస్‌తో పాటు బొచ్చుని కూడా తుడిచేసి మైనం పూసినట్టు చేసేవి, ఇప్పటివి చాలా నయం. కానీ అవి మిగిలిన సమాచారం చాలని చోట ఊహించి నింపుతాయి. ఒకసారి పూర్తి మోతాదులో వాడి చూస్తే, ఒక దుప్పి భుజం మీద రెండు చుక్కలు మాయమయ్యాయి. కడుపు దగ్గర మసగ్గా ఉన్న చోట లేని చుక్క ఒకటి పుట్టింది. ఒక్కో దుప్పికి చుక్కల అమరిక ఒక్కోలా ఉంటుంది. అంటే నా తెర మీద ఉన్నది ఆ అడవిలో ఎక్కడా లేని దుప్పి. సీతమ్మ చూసిన బంగారు లేడి కూడా అంత అందంగానే ఉంది. అప్పటి నుంచి సగం మోతాదు దాటను, గరుకు కొంచెం ఉంటే ఉండనిస్తాను. మరీ ఛాందసం అనే స్నేహితులున్నారు. అనుకోనివ్వండి.

చీకట్లో తీయాలంటే నేను పాటించేవి చెప్తాను, చాలావరకు డబ్బు ఖర్చు లేనివే. ఫ్లాష్ ఆపితే చాలదు. ఫోకస్ కోసం కెమెరా ముందు నుంచి చిన్న దీపం వెలుగుతుంది, చాలామందికి అది ఉన్నట్టే తెలియదు, మెనూలో వెతికి దాన్నీ ఆపాలి. వెనక తెర వెలుతురు బాగా తగ్గించి, తీసిన ప్రతి ఫొటో దానంతట అదే కనబడే ఆప్షన్ తీసేయాలి. ఆ తెర మన మొహాన్ని దీపంలా వెలిగిస్తుంది. పాత జీన్స్ కాలు కోసి కుట్టి, అందులో బియ్యం నింపిన సంచి నాకు ట్రైపాడ్ కంటే బాగా పనికొస్తుంది, బండి కమ్మీ మీద పెట్టి లెన్సు ఆనిస్తాను. ఇంజిన్ ఆగాకే తీయాలి, దాని వణుకు ఏ స్టెబిలైజరూ పూర్తిగా తీయలేదు. ఫోకస్ కంటికి దొరక్కపోతే గొంతు కింద తెల్లమచ్చ అంచు మీద వేయాలి, ఆ వేళ అన్నిటికంటే స్పష్టంగా తెలిసేది అదే. కొండముచ్చులు చెట్టు మీదుంటే కింద కాస్త వేచి ఉండటం మంచిది. అవి తుంచి పడేసే ఆకులు, పూల కోసం దుప్పులు అక్కడికే చేరతాయి. దుప్పి తల ఎత్తి, ముందుకాలు నేలకేసి కొట్టిందంటే మనం ఎక్కువ దగ్గరికి వచ్చామని. అప్పుడు తీయడం కాదు చేయాల్సింది, వెనక్కి పోవడం.

షట్టర్ 1/30కి పడిపోయాక నేను కెమెరా ఒళ్లో పెట్టేసుకుంటాను. మొదట్లో అది చాలా కష్టంగా ఉండేది, ఎందుకంటే సరిగ్గా అప్పుడే అవి గుంపుగా బయటికొస్తాయి. ఇప్పుడు ఆ పది నిమిషాల కోసమే వెళ్తున్నానేమో అనిపిస్తుంది. ఎండుటాకుల మీద గిట్టల చప్పుడు, గడ్డి పీకే చప్పుడు, ఎక్కడో ఒక దుప్పి హెచ్చరికగా పిలిచే సన్నటి కూత. వీటికి ఐఎస్ఓ అక్కర్లేదు.

ఇప్పచెట్టు ఫొటోని ప్రింటు వేయించాను. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. తెర వెనక దీపం ఉంటుంది, కాగితానికి ఉండదు. అందుకని ప్రింటుకి అర స్టాప్ పెంచాను. మొదటి ప్రింటు మరీ నల్లగా వచ్చి, నేను చూసిన దానికంటే చీకటైపోయింది. అది కూడా అబద్ధమే కాబట్టి పెంచడం తప్పనిపించలేదు. హాల్లో కిటికీకి ఎదురు గోడ మీద పెట్టాం. పగలు వచ్చినవాళ్లు దాన్ని దాటుకొని వెళ్లిపోతారు.

మొన్నొక సాయంత్రం అమ్మ దాని ఎదురుగా కుర్చీలో కూర్చుంది. ఇంకా దీపం పెట్టలేదు, బయట వెలుతురు పోతోంది. నేను స్విచ్ వేయబోతుంటే ఆగమంది. కాసేపు గోడకేసి చూసి, "రెండు దుప్పులున్నాయన్నావు కదే. ఆ మాను పక్కన మూడోది ఉందా, లేక నీడా?" అంది. నాకు తెలియలేదు. ఆ సాయంత్రం నేను రెండే చూశాను. అసలు ఫైలు తెరిచి ఆ మూల వెలుతురు పెంచితే అర నిమిషంలో తేలిపోతుంది. ఇంకా పెంచలేదు. అమ్మ రోజూ ఆ వేళకి అక్కడే కూర్చుంటోంది.